పిక్క పుట్టిన ఊరు

(పలాసలో 2023 గ్రంథాలయ వారోత్సవాల్లో మాట్లాడింది. ఫోన్ రికార్డింగ్ విని పెద్దగా మార్పులేం చెయ్యకుండా టైప్ చేశాం.)

అందరికీ నమస్కారం. వెనకాల వినిపిస్తోందా? సరే.

ముందు వరసలో మా అమ్మ కూర్చుంది, ఆవిడతో పాటు జీడి ఫ్యాక్టరీలో పనిచేసే పిన్నులూ అక్కలూ కూడా వచ్చారు, ఇవాళ సగం పూట కూలి వదులుకుని వచ్చారని నాకు తెలుసు. అందుకే బోర్డు మీద "విదేశీ యాత్రానుభవాలు" అని రాసినా నేను విమానాల గురించీ హోటళ్ళ గురించీ ఎక్కువ చెప్పను. మీ చేతుల్లోకి రోజూ వచ్చే జీడిపిక్క ఎక్కడ పుడుతోంది, దాన్ని మొదట ఏరిన చెయ్యి ఎవరిది, ఆ ముచ్చట చెప్దామని వచ్చాను.

నేను పిక్కలు కొనే ఒక కంపెనీలో క్వాలిటీ చూస్తాను. అంటే సరుకు ఓడెక్కే ముందు పిక్క కోసి చూసి ఇది బాగుంది, ఇది బాలేదు అని చెప్పడం. మన ఉద్దానం పిక్క మన ఫ్యాక్టరీలకి ఎప్పుడూ సరిపోలేదు, బయటిది వచ్చేది, ఇక 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను తోటల్ని ఎలా పడగొట్టిందో మీకు నేను చెప్పక్కర్లేదు, మా తాత వేసిన చెట్లు కూడా ఆ రాత్రే పోయాయి. జీడిచెట్టు మళ్ళీ వేసి కాపుకి రావాలంటే ఏళ్ళు పడుతుంది కదా. కాబట్టి ఇప్పుడు మీరు ఒలిచే పప్పులో చాలా భాగం ఆఫ్రికా పిక్కలోదే. ఐవరీ కోస్ట్, బెనిన్, ఘానా, గినీ బిస్సావు, ఇలా బస్తాల మీద పేర్లు చూసే ఉంటారు. ఈ ఏడాది, అంటే 2023 మే నెలలో, మా వాళ్ళు నన్ను పంపింది వాటన్నిటికంటే చిన్న దేశానికి. గాంబియా.

మ్యాపులో చూస్తే మొదట కనపడదు. సెనెగల్ అనే దేశం మధ్యలోకి ఒక వేలు దూర్చినట్టు ఉంటుంది. మూడు పక్కలా సెనెగలే, నాలుగో పక్క అట్లాంటిక్ సముద్రం. అసలు ఆ దేశం అంటే ఒక నది, ఆ నదికి రెండు గట్లూ, అంతే. పొడవు మూడొందల కిలోమీటర్లు పైనే ఉంటుంది గానీ వెడల్పు ఎక్కడా 50 కిలోమీటర్లు దాటదు, సుమారుగా ఇక్కణ్ణించి ఇచ్ఛాపురం వెళ్ళినంత. మొత్తం విస్తీర్ణం 11 వేల చదరపు కిలోమీటర్లు, మన పాత శ్రీకాకుళం జిల్లాలు రెండు పక్కపక్కన పెడితే సరి. జనం మాత్రం మన పాత జిల్లా అంత కూడా ఉండరు, 24, 25 లక్షలు. నదిని ఇంగ్లీషు వాళ్ళు పట్టుకున్నారు, చుట్టూ భూమిని ఫ్రెంచ్ వాళ్ళు పట్టుకున్నారు, 1889లో ఇద్దరూ కూర్చుని గీత గీసుకున్నారు, ఆ గీతే ఇవాళ్టి దేశం. 1965 ఫిబ్రవరి 18న స్వతంత్రం వచ్చింది.

వెళ్ళే ముందు ఎల్లో ఫీవర్ ఇంజెక్షన్ తప్పనిసరి, పది రోజుల ముందే వేయించుకోవాలి, ఆ పసుపు కార్డు లేకపోతే తిరిగొచ్చాక మన ఎయిర్‌పోర్టులోనే ఆపేస్తారు. ఢిల్లీ, ఇస్తాంబుల్, అక్కణ్ణించి గాంబియా రాజధాని బాంజుల్. విమానం కిందకి దిగుతుంటే కిటికీలోంచి చూశాను, నీళ్ళు, ఆ నీళ్ళల్లో పాముల్లా మెలికలు తిరిగిన కాలవలు, వాటి చుట్టూ ముదురాకుపచ్చ మడ అడవి. కాకినాడ దగ్గర కోరంగి చూసినవాళ్ళు ఉంటే అదే అనుకోండి, కాకపోతే ఇది రాజధాని ఊరి గుమ్మం దాకా ఉంది. ఆ మడ చెట్ల వేళ్ళకి పట్టిన ఆలిచిప్పలు కోసుకుని బతికే ఆడవాళ్ళున్నారు అక్కడ, వాళ్ళంతా సంఘం పెట్టుకుని ఏడాదిలో కొన్ని నెలలు ఎవరూ కొయ్యకూడదని వాళ్ళే కట్టుబాటు పెట్టుకున్నారు, 2012లో ప్రభుత్వం ఆ నీళ్ళ మీద హక్కు వాళ్ళకే రాసిచ్చింది. నాకు ఆ దేశంలో బాగా నచ్చిన సంగతుల్లో అదొకటి.

ఇక పని. బ్రికామా అనే పెద్ద ఊరు ఉంది, అది దాటాక ఎర్రమట్టి రోడ్డు, రోడ్డుకి రెండు వైపులా మామిడి, జీడి. నిజంగా చెప్తున్నా, కారులో కూర్చుంటే మందస రోడ్డులో వెళ్తున్నట్టే అనిపించింది. అదే ఎర్రమట్టి, అదే వాసన, జీడిపండు కిందపడి పులిసిన వాసన ఉంటుంది చూడండి, అది. ఈ చెట్టు ఇద్దరిదీ కాదు అసలు. పోర్చుగీసు వాళ్ళు బ్రెజిల్ నించి ఇటు గోవాకి తెచ్చారు, అటు ఆఫ్రికా తీరానికీ తీసుకెళ్ళారు. ఒక్క చెట్టు పిల్లలే రెండు చోట్లా పెరిగాయి.

మొదటి ఊరికి వెళ్ళినప్పుడు నేనొక తప్పు చేశాను. ఊరి మధ్యలో పెద్ద చెట్టు కింద చెక్కలతో అరుగు కట్టి ఉంటుంది, దాన్ని బంతాబా అంటారు, మన రచ్చబండే. అక్కడ పెద్దవాళ్ళు నలుగురు కూర్చున్నారు. నాకు ఎండ, టైమ్ లేదు, సాయంత్రంలోపు ఇంకో రెండు ఊళ్ళు చూడాలి, దిగీ దిగగానే ఒక నమస్కారం పడేసి "బస్తాలు ఎక్కడున్నాయి" అన్నాను. ఎవరూ కదల్లేదు. కోపంగా కూడా చూడలేదు. మా డ్రైవర్ పెద్దాయన, ఆయన్ని అందరూ "పా" అంటారు, మనం బాబాయ్ అన్నట్టు, ఆయన నా పక్కకొచ్చి మెల్లగా "ముందు వాళ్ళ ఇంటివాళ్ళని అడుగమ్మా" అన్నాడు.

అక్కడ పలకరింపు అంటే ఒక్క మాట కాదు. మాండింకా భాషలో "సుమోలు లే?" అంటారు, మీ ఇంటివాళ్ళెక్కడ అని. జవాబు "ఇబి జే". అంటే అక్కడున్నారు అని. తర్వాత మీ అమ్మ? అక్కడుంది. పిల్లలు? అక్కడున్నారు. పని? ఉంది. ఇలా ఒక్కొక్కళ్ళనీ అడుగుతారు, ఒక్కొక్కళ్ళూ ఉన్నారని చెప్పాలి, ఒంట్లో బాలేకపోయినా సరే ముందు ఉన్నారనే చెప్పాలి, కష్టాలు తర్వాత మాట్లాడుకుంటారు. అక్కడే వోలోఫ్ అని ఇంకో జాతి ఉంది, వాళ్ళని ఎలా ఉన్నావని అడిగితే "మాంగీ ఫీ రెక్" అంటారు, ఇక్కడే ఉన్నాను అని. బాగున్నాను అనరు. ఉన్నాను అంటారు. ఆ మాట విన్నప్పుడు నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది, ఆవిడా అంతే, ఎవరైనా "ఎలగున్నావే" అంటే "ఉన్నాను తల్లీ" అనేది.

ఆ తర్వాత ఏ ఊరెళ్ళినా ముందు అరగంట కూర్చున్నాను. అటాయా అని టీ పెడతారు, చిన్న బొగ్గుల కుంపటి మీద గ్రీన్ టీ, బోలెడు పంచదార, ఎత్తు నించి గ్లాసులోకి, గ్లాసులోంచి మళ్ళీ కెటిల్‌లోకి పోసి పోసి నురగ తెప్పిస్తారు. మూడు సార్లు పోస్తారు. మొదటిది చేదు, మూడోది తీపి. మొదటిది తాగి లేచిపోకూడదు.

ఇప్పుడు పిక్క సంగతి. ఏరేది ఎక్కువగా ఆడవాళ్ళూ పిల్లలే. పండు దానంతట అది రాలాలి, కోస్తే పిక్క పచ్చిగా ఉండి పప్పు ముడతలు పడుతుంది, అది వాళ్ళకి బాగా తెలుసు. పొద్దున్నే తోటలోకి వెళ్ళి, రాలిన పండు తీసి, పిక్కని మెలితిప్పి బకెట్‌లో వేస్తారు. పండు చాలా వరకు అక్కడే వదిలేస్తారు. పిక్కని రెండు మూడు రోజులు ఎండలో పోస్తారు. ఎండిందో లేదో ఎలా చూస్తారని ఒక పెద్దావిడని అడిగాను. ఆవిడ గుప్పెడు పిక్కలు నా చెవి దగ్గర పెట్టి గలగలలాడించింది, తర్వాత గోరుతో నొక్కి చూపించింది, గోరు దిగకపోతే ఎండినట్టు. నా బ్యాగులో తేమ కొలిచే మిషన్ ఉంది. పెట్టి చూస్తే ఆవిడ చెప్పిందే కరెక్టు.

తర్వాత నేను కటింగ్ టెస్ట్ చేశాను. మీలో చాలామంది చూసే ఉంటారు, బస్తాల్లోంచి అక్కడక్కడా తీసిన పిక్కని కిలో తూచి, లెక్కపెట్టి, ఒక్కోటీ నిలువునా కోసి, మంచి పప్పు ఒక పక్క, మచ్చలున్నది ఒక పక్క, డొల్లది ఒక పక్క పెట్టి తూచడం. 80 కిలోల బస్తా పిక్కలో ఎన్ని పౌండ్ల పప్పు వస్తుందో అదే అవుట్‌టర్న్, దాని మీదే రేటు. 50 పౌండ్లు వస్తే మంచి సరుకు అంటాం. అంటే 80 కిలోల్లో 23 కిలోలు కూడా పప్పు ఉండదు, మిగతాదంతా పెంకూ పొరానే. ఊరంతా చుట్టూ నిలబడి చూస్తున్నారు. వాళ్ళు ఏటా పిక్క అమ్ముతారు గానీ, అమ్మిన పిక్కని ఇలా కోసి లెక్కగట్టడం చాలామంది అదే మొదటిసారి చూడ్డమట, కొనేవాడు చేత్తో తడిమి ఒక రేటు చెప్తాడు, వీళ్ళు ఇచ్చేస్తారు. నాకది బాధనిపించింది. అందుకని ప్రతి ఊళ్ళోనూ ఎవరైనా ఒక అమ్మాయినో అబ్బాయినో పక్కన కూర్చోబెట్టుకుని కత్తెర వాళ్ళ చేతికే ఇచ్చి కోయించాను, లెక్క వాళ్ళచేతే కాగితం మీద రాయించాను. మా కంపెనీ నన్ను పంపింది అందుకు కాదు, అయినా చేశాను, మా వాళ్ళకి కూడా ఆ మాట చెప్పాను.

ఆ పెద్దావిడే నన్ను అడిగింది, మీ దగ్గర పప్పు కిలో ఎంతకి అమ్ముతారు అని. చెప్పాను. ఆవిడ చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, మరి దాన్ని పగలగొట్టి పొర తీసేవాళ్ళకి ఎంతిస్తారు అని అడిగింది. అదీ చెప్పాను. పప్పు ధర విన్నప్పటికంటే మీ కూలి విన్నాక ఆవిడ ఎక్కువ ఆశ్చర్యపోయింది. "వాళ్ళు కూడా ఆడవాళ్ళేనా" అంది.

మరి అక్కడే ఫ్యాక్టరీ పెట్టి పప్పు తీసుకోవచ్చు కదా అని మీకు అనిపించొచ్చు, నాకూ అనిపించింది. పిక్క ఏడాదిలో మూడు నెలలే వస్తుంది, ఏడాదంతా నడవాలంటే ఆ మూడు నెలల్లోనే మొత్తం పిక్క కొని నిల్వ పెట్టుకోవాలి, దానికి బ్యాంకు అప్పు కావాలి, అప్పు మీద వడ్డీ. కరెంటు కావాలి. పప్పు విరక్కుండా తీసే చేతులు కావాలి, ఆ నేర్పు ఒక్క ఏడాదిలో రాదని మీకు తెలుసు. అవన్నీ ఇక్కడా వియత్నాంలోనూ ముందే ఉన్నాయి కాబట్టి పిక్క పిక్కలాగే ఓడెక్కేస్తోంది.

పూర్తిగా లేదని కాదు. బ్రికామా రోడ్డు పక్కన ఒకావిడ రేకు మీద పిక్కలు కాలుస్తోంది. నల్లటి పొగ, నూనె చిమ్మి మంట అంటుకుంటుంది, మట్టి చల్లి ఆర్పి, కర్రతో కొట్టి పప్పు తీసి ప్యాకెట్లు కట్టి అమ్ముతోంది. మన దగ్గర మిషన్లు రాకముందు ఇళ్ళల్లో ఎలా చేసేవాళ్ళో అచ్చం అదే. ఆవిడ చేతులు చూశాను. వేళ్ళ చివర్లు నల్లగా, చర్మం లేచిపోయి. జీడి నూనె తగిలిన చెయ్యి ఎలా ఉంటుందో నేను చిన్నప్పట్నించీ చూస్తున్నదే, అమ్మ అన్నం కలిపి పెడుతుంటే ఆ వేళ్ళే కనపడేవి నాకు. ఫోన్ తీసి అమ్మ ఫోటో చూపించాను, ఒక పాత ఫోటో ఉంది, పీట మీద కూర్చుని పిక్క కొడుతున్నది. ఆవిడ దాన్ని రెండు వేళ్ళతో పెద్దది చేసి మొహం కాదు, చేతులు చూసింది. చూసి తన చెయ్యి స్క్రీన్ పక్కన పెట్టింది. ఇంకేం అనలేదు. లేచి లోపలికెళ్ళి బూడిద డబ్బా తెచ్చి చూపించింది. అమ్మా, నువ్వూ చేతులకి నూనె అంటకుండా బూడిదే రాసుకునేదానివి కదా.

(కొంచెంసేపు ఆగి)

ఒక ఆదివారం పని లేకపోతే ఫెర్రీ ఎక్కి నది అవతల బారా వెళ్ళి, అక్కణ్ణించి జుఫురే అనే పల్లె చూశాను. అక్కడ నది మధ్యలో చిన్న లంక ఉంది, ఇప్పుడు కుంటా కింతే లంక అంటున్నారు, "రూట్స్" నవలలో బానిసగా పట్టుకుపోయిన కుర్రాడి పేరు అది, 2011 దాకా జేమ్స్ ఐలాండ్. 1651లో బాల్టిక్ సముద్రం పక్కనున్న ఒక చిన్న రాజ్యం వాళ్ళు మొదట కోట కట్టారు, తర్వాత ఇంగ్లీషు వాళ్ళు తీసుకున్నారు. బానిసలుగా అమ్మడానికి మనుషుల్ని పట్టుకొచ్చి ఓడ వచ్చేదాకా అక్కడే పెట్టేవాళ్ళు. ఇప్పుడు విరిగిన గోడలు, తుప్పు పట్టిన ఫిరంగులు, కొన్ని బావోబాబ్ చెట్లు, అంతే. హైదరాబాద్ గోల్కొండలో నయాఖిలా దగ్గర బ్రహ్మాండమైన లావు మాను ఉంది చూడండి, ఆ జాతే. నది లంకని ఏటా కోసుకుంటూ పోతోంది, ఒకప్పుడున్న నేలలో కొద్దిగానే మిగిలింది.

పడవలో తిరిగొస్తుంటే నాకు వచ్చిన ఆలోచన చెప్తాను. ఆ నది నోటి నించి మొదట మనుషులు వెళ్ళారు. 1807లో ఇంగ్లండు ఆ వ్యాపారాన్ని నిషేధించింది, దాన్ని ఆపడానికని 1816లో నది మొగలో బాథర్స్ట్ అనే ఊరు కట్టారు, అదే ఇప్పటి బాంజుల్. ఆ తర్వాత 1830ల నించి వేరుశనగ వెళ్ళడం మొదలైంది, ఐరోపాలో సబ్బులకీ నూనెకీ. వందేళ్ళకి పైగా దేశమంతా ఆ ఒక్క పంట మీదే నిలబడింది, అనంతపురం వాళ్ళకైతే చెప్పకుండానే అర్థమవుతుంది ఆ బతుకు. ఇప్పుడు జీడిపిక్క వెళ్తోంది. ఎప్పుడూ పచ్చి సరుకే వెళ్తోంది ఆ నది లోంచి. నేను పాస్ చేసిన బస్తాలు కూడా ఆ రేవు నించే ఎక్కాయి, కాబట్టి ఈ మాట బయట నిలబడి చెప్తున్నది కాదు.

తాంజీ అని బెస్తవాళ్ళ ఊరుంది సముద్రం ఒడ్డున. సాయంత్రం వెళ్ళాలి. రంగురంగుల పొడుగు పడవలు, ఒడ్డుకి రాకుండా కొంచెం దూరంలోనే ఆగుతాయి, ఆడవాళ్ళు బేసిన్లు నెత్తిన పెట్టుకుని ఛాతీ లోతు నీళ్ళల్లోకి నడిచి వెళ్ళి చేపలు నింపుకుని వస్తారు. బోంగా అనే చేప, మన కవళ్ళలాంటిది, పొగబెట్టి ఎండబెట్టి ఊరూరా అమ్ముతారు, పేదవాళ్ళ కూర అది. ఇప్పుడు ఆ చేపని పిండి చేసి బయటికి పంపే ఫ్యాక్టరీలు వచ్చి బోంగా ధర పెరిగిపోయిందని అక్కడి ఆడవాళ్ళందరూ అదే మాట.

ఆ ఒడ్డున కుర్రాళ్ళతో మాట్లాడితే ఒక మాట పదే పదే వినిపిస్తుంది, "బ్యాక్‌వే". దొడ్డిదారి. ఎడారి మీదుగానో పడవల్లోనో యూరప్ వెళ్ళిపోవడం. 2019 డిసెంబర్‌లో గాంబియా నించి బయల్దేరిన ఒక పడవ మారిటానియా దగ్గర మునిగిపోయి అరవై మందికి పైగా పోయారు, చాలామంది ఇరవై ఏళ్ళ పిల్లలు. అటాయా కాస్తూ ఒక కుర్రాడు అన్నాడు, మా అన్న అందులో ఉన్నాడు అని. నేను వాడికి మన వాళ్ళ సంగతి చెప్పాను. మన ఊళ్ళ మత్స్యకారులు గుజరాత్ వేరావల్ దాకా కూలికి వెళ్ళడం, 2018లో పాకిస్తాన్ వాళ్ళు పట్టుకోవడం, 2020 జనవరిలో వాఘా దాటి ఇంటికి రావడం, ఆ ఏడాది పైన వాళ్ళ ఆడవాళ్ళు ఎక్కే గుమ్మం దిగే గుమ్మంగా తిరగడం. వాడు మొత్తం విని ఒకటే అడిగాడు. "వాళ్ళు తిరిగొచ్చారా?" వచ్చారు అన్నాను. "అల్‌హమ్‌దులిల్లా" అని మూడో గ్లాసు నాకు పోశాడు.

గోళీల సంగతి మర్చిపోయేదాన్ని, పిల్లలు కూడా ఉన్నారు కాబట్టి చెప్పాలి. అక్కడ ఓటు గోళీతో వేస్తారు. గాజు గోళీ. ఒక్కో అభ్యర్థికీ ఒక రంగు డ్రమ్ము, దాని మీద ఫోటో, పైన ఒక గొట్టం, గోళీ వేస్తే లోపల గంట మోగుతుంది. రెండు గోళీలు వేస్తే రెండు సార్లు మోగుతుంది కదా, దొరికిపోతారు. చదువు రాని వాళ్ళు కూడా ఎవరి సాయం లేకుండా ఓటు వెయ్యాలని అరవై ఏళ్ళ కిందట పెట్టిన పద్ధతి. పోలింగ్ రోజు అటుపక్క సైకిల్ బెల్లు కొట్టనివ్వరట, గంట మోత కలిసిపోతుందని. 22 ఏళ్ళు దేశాన్నేలుతూ కుర్చీ పట్టుకు కూర్చున్న జామే అనే ఆయన్ని 2016 డిసెంబర్‌లో ఆ గోళీలతోనే దించారు. ఆయన ముందు సరే అని, తర్వాత మాట మార్చి, చుట్టుపక్కల దేశాల సైన్యం గుమ్మంలోకి వచ్చాక గానీ దేశం వదల్లేదు, అది వేరే.

చివరికి తిండి. బియ్యమే వాళ్ళకీ ప్రాణం. పెద్ద బేసిన్‌లో అన్నం, మధ్యలో కూర, చుట్టూ అందరూ కూర్చుని ఎవరి ముందున్నది వాళ్ళు తినాలి, పెద్దావిడ మధ్యలోంచి చేపముక్క తుంచి అతిథి వైపు తోస్తుంది. వేరుశనగ ముద్దతో చేసే దొమొదా పులుసు చాలా బాగుంటుంది. అయితే నేను చెప్పాలనుకున్నది వేరే. సెరెకుండా మార్కెట్‌లో కూరలమ్మే చోట కాళ్ళు ఆగిపోయాయి నాకు. కట్టలు కట్టి గోంగూర. ఎర్ర కాడ, అదే ఆకు. తుంచి నోట్లో వేసుకున్నాను, అదే పులుపు. అమ్మే ఆవిడ నవ్వి "కుచ" అంది, వాళ్ళు దాన్ని ఉడికించి దంచి చేపతో అన్నంలో తింటారు. మూడు వారాల్లో నాకు మొదటిసారి ఏడుపొచ్చింది అక్కడ, దుఃఖం కాదు, ఏంటో నాకే తెలీదు. ఆవిడ కంగారుపడి ఒక కట్ట చేతిలో పెట్టింది, డబ్బులు తీసుకోలేదు. పక్కన బుట్టల్లో ఆ మొక్కదే ఎర్ర కాయల రేకలు ఎండబెట్టి పోసి ఉన్నాయి, దాన్ని వాళ్ళు ఒంజో అంటారు, నీళ్ళల్లో నానబెట్టి పంచదార వేసి చల్లగా తాగుతారు.

తిరిగొచ్చిన రోజు అమ్మకి ఇదంతా చెప్తే అమ్మ అడిగింది, "ఆ పిక్కలు కాల్చే ఆవిడకి పిల్లలున్నారేటే?" అని. నేను అడగలేదు. అన్నీ అడిగాను గానీ అది అడగలేదు. వచ్చే సీజన్‌కి మళ్ళీ పంపితే అడిగొస్తానన్నాను.

ఒంజో కొంచెం తెచ్చాను. ఆ బల్ల మీద స్టీలు గిన్నెలో ఉంది చూడండి, పక్కన జగ్గులో నానబెట్టింది కూడా ఉంది. ముందు ఎండు రేకు ఒకటి నమిలి చూడండి, తర్వాత తాగండి. పిన్నీ, నువ్వు ముందు రా.